కొలవని రోజుల లెక్క

చెన్నైకి నీళ్ళిచ్చే చెరువుల మట్టం, బావుల్లో నీటి లోతు, నుంగంబాక్కంలో పడిన వాన, మణలి గాలిలో తేలే ధూళి. ఇవన్నీ రోజూ కొలిచి వరసగా రాసిపెట్టే అంకెలు. ఇలాంటి వరసల్ని, అంటే టైమ్ సిరీస్‌లను, చేత్తో పట్టుకున్న ఎవరికైనా తెలిసిన సంగతి ఏమిటంటే, ఏ ఫైలూ నిండుగా ఉండదు. కరెంటు పోతుంది, సెన్సర్ చెడిపోతుంది, కొలిచే మనిషి ఊరెళ్తాడు. ఆ రోజు గడి ఖాళీ.

చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వెంట ఉన్న కంపెనీల్లో డేటా పనులు చేసే మన తెలుగు పిల్లలు నన్ను తరచూ అడుగుతుంటారు: “సర్, ఈ ఖాళీల్ని దేనితో నింపమంటారు?” సగటుతోనా, ముందు రోజు విలువతోనా, అటూ ఇటూ కలిపే గీతతోనా అని. నా దృష్టిలో అంతకన్నా ముందు అడగాల్సిన ప్రశ్నలు రెండున్నాయి. ఆ ఖాళీ ఎందుకు వచ్చింది? ఈ డేటా నుంచి మనం తెలుసుకోవాలనుకున్నది ఏమిటి? ఈ రెండూ తేలాక చాలాసార్లు నింపాల్సిన అవసరమే ఉండదు. ఖాళీని ఖాళీగానే ఉంచి సరైన అంచనా కట్టే పద్ధతులు అరవై ఏళ్ళుగా ఉన్నాయి. అవి కష్టమైనవీ కావు.

ముందు, నింపితే ఏమవుతుందో లెక్కలోనే చూద్దాం. విలువలన్నిటినీ సగటు నుంచి తేడాలుగా రాసుకుందాం. ఈరోజు విలువ అంటే నిన్నటి విలువలో సగం, దానికి తోడు ముందుగా ఊహించలేని కొత్త కుదుపు ఒకటి. ఇదే ఏఆర్-1 అనే నమూనా. ఆ ‘సగం’, అంటే 0.5, దీని గుణకం. ఇందులో నిన్నటికీ ఈరోజుకీ సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే అంకె) కూడా 0.5. ఇప్పుడు నూటికి నలభై రోజుల కొలతలు ఏ క్రమమూ లేకుండా, చీటీలు తీసినట్టు, పోయాయనుకుందాం. మనకు కావలసింది ఆ 0.5ని తిరిగి కనుక్కోవడం.

ఖాళీ రోజుల్ని తీసేసి మిగిలినవాటిని దగ్గరకు జరిపితే జవాబు 0.375 వస్తుంది. ఎందుకంటే పక్కపక్కన కనబడే రెండు అంకెల మధ్య నిజానికి రెండు రోజులో మూడు రోజులో గడిచి ఉండొచ్చు. వాటినీ ఒకరోజు దూరంగానే లెక్కేశాం. సగటుతో నింపితే 0.3 వస్తుంది. నింపిన ప్రతి గడీ పక్కవాటితో ఏ సంబంధమూ లేని మొద్దు అంకె కాబట్టి సంబంధం పలచబడింది. ముందు రోజు విలువనే కిందికి లాగితే 0.625 వస్తుంది. నలభై శాతం జంటల్లో రెండు విలువలూ అచ్చంగా ఒకటే, వాటి మధ్య సంబంధం పూర్తి 1. అది మొత్తం లెక్కను పైకి గుంజింది. డేటా ఒకటే, నిజం ఒకటే, మూడు జవాబులూ తప్పే. అంతకన్నా బాధ కలిగించేది ఇంకొకటుంది. డేటా ఎంత పెరిగినా ఈ తప్పు తగ్గదు. పదేళ్ళ కొలతలున్నా, వందేళ్ళవి ఉన్నా 0.3 అలాగే 0.3గా ఉంటుంది, పైగా పక్కన వేసే పొరపాటు హద్దులు సన్నబడి ఆ తప్పు మీద నమ్మకం పెంచుతాయి.

దీనికి ఒక మందు గణాంక శాస్త్రవేత్త ఇమాన్యుయేల్ పార్జెన్ 1963లో చెప్పాడు. ఆ వ్యాసం అచ్చయింది మన దేశపు పత్రికలోనే, మహలనోబిస్ 1933లో మొదలుపెట్టిన ‘సంఖ్య’లో. పార్జెన్ ఆలోచన తేలికైనది. కొలిచిన రోజుకి 1, కొలవని రోజుకి 0 అని ఇంకో శ్రేణి రాసుకోండి. మన చేతిలో ఉన్నది అసలు శ్రేణిని ఈ ఒకట్లూ సున్నాలతో గుణించిన శ్రేణి. దాని సహసంబంధపు లెక్కని ఒకట్ల సున్నాల శ్రేణి లెక్కతో భాగిస్తే ఖాళీల ప్రభావం పోతుంది. మామూలు మాటల్లో చెప్పాలంటే, వరసగా రెండు రోజులూ కొలత ఉన్న జంటల్నే తీసుకుని వాటి మీదే సగటు కట్టడం. పై ఉదాహరణలో అలాంటి జంటలు నూటికి సుమారు 36 ఉంటాయి. డేటా పెరిగేకొద్దీ జవాబు 0.5కే చేరుతుంది.

కానీ ఇందులో రెండు చిక్కులున్నాయి. ఒకరోజు దూరపు సంబంధాన్ని ఒక జంటల గుంపు నుంచి, రెండు రోజుల దూరపు సంబంధాన్ని మరో గుంపు నుంచి కట్టాం. అవి ఒకదానితో ఒకటి పొసగకపోవచ్చు. అప్పుడు వేరియన్స్ (విలువలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే, ఎప్పుడూ రుణం కాలేని కొలత) రుణసంఖ్యగా వచ్చే అర్థంలేని పరిస్థితి తలెత్తుతుంది. రెండోది ఇంకా లోతైనది. కొలత రోజు విడిచి రోజు మాత్రమే జరిగిందనుకోండి. పక్కపక్క రోజుల జంట ఒక్కటీ దొరకదు. ఏఆర్-1 నమూనాను నమ్మి, రెండు రోజుల దూరపు సంబంధం నుంచి వర్గమూలం తీద్దామంటే, అది 0.25 అయినప్పుడు అసలు గుణకం 0.5 కావచ్చు, మైనస్ 0.5 కూడా కావచ్చు. ఎన్ని వేల కొలతలున్నా ఆ గుర్తు ఏదో చెప్పలేం. ఎంత డేటా పోయిందన్నదానికన్నా ఏ తీరుగా పోయిందన్నది ముఖ్యమని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలీదు.

ఇక నమూనాను నమ్మి ముందుకెళ్ళే పద్ధతులు. ఏఆర్-1లో ఒకే ఒక్క రోజు పోయింది, ముందు రోజూ తర్వాతి రోజూ ఉన్నాయి అనుకుందాం. మధ్య విలువకి ఉత్తమమైన అంచనా: ఆ రెండింటినీ కూడి, గుణకాన్ని ‘ఒకటి కలిపి గుణకం వర్గం’తో భాగించగా వచ్చిన దానితో గుణించాలి. గుణకం 1 అయితే ఇది సరిగ్గా రెండింటి సగటు, అంటే మనం మామూలుగా గీసే సరళరేఖే. 0.8 అయితే రెండింటి మొత్తాన్ని 0.488తో గుణిస్తాం. 0.5 అయితే 0.4తో. గుణకం సున్నా అయితే పక్క రోజులు ఏమీ చెప్పవు, జవాబు మొత్తం శ్రేణి సగటే. కాబట్టి ‘గీత గీయాలా, సగటు పెట్టాలా’ అన్నది అభిరుచికి వదిలేసే విషయం కాదు. శ్రేణికి నిన్నటి జ్ఞాపకం ఎంత ఉందో అదే తేలుస్తుంది.

చెన్నై డేటాలో ఈ తేడా కళ్ళకు కట్టినట్టు కనబడుతుంది. పుళల్ చెరువు మట్టం ఒక్కరోజు కొలవకపోతే పెద్ద నష్టం లేదు. చెరువులో ఈరోజు నీళ్ళంటే నిన్నటి నీళ్ళకు వచ్చినవి కలిపి, వాడినవీ ఆవిరైనవీ తీసేయడమే. జ్ఞాపకం దాదాపు పూర్తిగా ఉంది, గీత గీస్తే చాలు. వానకి ఆ జ్ఞాపకం చాలా తక్కువ. నిన్నా రేపూ ఎండగా ఉన్నా నడుమ ఒక రాత్రి ఊరు మునగొచ్చు. (పైగా వాన అంకెల్లో ఎక్కువ భాగం సున్నాలు కాబట్టి దానికి ఏఆర్-1 పనికిరాదు. వాన పడిందా లేదా అన్నది ఒక మెట్టు, పడితే ఎంత అన్నది ఇంకో మెట్టు.) బావి నీటి లోతు ఈ రెండింటికీ మధ్యన ఉంటుంది. చెరువుల విషయంలోనైనా గీత మీద గుడ్డి నమ్మకం పెట్టుకోకూడదు. 2015 డిసెంబరు 1 రాత్రి చెంబరంబాక్కం చెరువు నుంచి దాదాపు 29,000 క్యూసెక్కులు వదిలారు. అలాంటి రోజు గడి ఖాళీగా ఉంటే, అటూ ఇటూ కలిపే గీత ఆ రాత్రిని చరిత్రలోంచి తుడిచేస్తుంది.

సున్నాకీ ఖాళీకీ మధ్య గీత చెరిగిపోవడం ఇక్కడ ఇంకో ప్రమాదం. తెలుగుగంగ నీళ్ళనే తీసుకోండి. 1983 ఒప్పందం ప్రకారం కండలేరు నుంచి బయల్దేరి, ఊత్తుకోట్టై దగ్గరి జీరో పాయింట్‌లో తమిళనాడులోకి వచ్చి, పూండి చేరే నీళ్ళవి. కాలవలో నీళ్ళు వదలని నెలలుంటాయి. ఆ రోజుల్లో ప్రవాహం సున్నా, అది నిఖార్సైన కొలత. కొలిచే పరికరం పనిచేయని రోజు వేరు. ఫైల్లో రెండూ సున్నాగానే, లేదా రెండూ ఖాళీగానే పడి ఉంటే, ఆ పైన ఎంత గొప్ప పద్ధతి వాడినా లాభం లేదు. మైనస్ 999 వంటి సంకేతాన్ని అంకెనుకుని సగటులో కలిపేసిన లెక్కలు కూడా ఉంటాయి. అవి చూడగానే దొరికిపోతాయి. నన్ను భయపెట్టేది దొరకని సున్నాలే.

ఖాళీ ఒకటి కాక పది వరసగా వస్తే, పైగా కొలతల్లోనే పొరపాటు ఉంటే ఏం చెయ్యాలి? దానికి కాల్మన్ ఫిల్టర్ అనే పద్ధతి ఉంది. బుడాపెస్ట్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన రుడాల్ఫ్ కాల్మన్ 1960లో దీన్ని ప్రకటించాడు. ఇది ప్రతిరోజూ రెండు పనులు చేస్తుంది. నిన్న తెలిసినదాన్ని బట్టి ఈరోజు విలువ ఇంత ఉండొచ్చు, ఇంత అటూ ఇటూ కావచ్చు అని ముందే చెబుతుంది. కొలత రాగానే తన ఊహనీ ఆ కొలతనీ తూచి, ఏది ఎంత నమ్మదగిందో చూసి అంచనాను సవరిస్తుంది. కొలత రాని రోజు రెండో పని మానేస్తుంది. ఖాళీలకు అది చేసేదంతా ఇంతే. ఏ అంకెనూ కల్పించదు. తన ఊహనే ముందుకు తీసుకుపోతూ, దాని చుట్టూ సందేహాన్ని పెంచుకుంటూ పోతుంది.

ఆ సందేహం ఎలా పెరుగుతుందో చూడండి. గుణకం 0.8, రోజువారీ కుదుపు వేరియన్స్ 1 అనుకుందాం. నిన్నటి విలువ కచ్చితంగా తెలిస్తే ఈరోజు ఊహకి వేరియన్స్ 1. ఈరోజు కొలవకపోతే రేపటి ఊహకి 1.64. రేపూ లేకపోతే ఎల్లుండికి 2.05, ఆ తర్వాత 2.31. అలా పెరిగి 2.78 దగ్గర ఆగిపోతుంది. ఆ స్థాయి శ్రేణి మామూలుగా ఊగే వేరియన్సే. అంటే ఖాళీ మరీ పొడవైతే, ఫిల్టర్‌కి సగటు తప్ప ఇంకేమీ తెలియదని అర్థం, ఆ మాట అది నిజాయితీగా చెబుతుంది కూడా. కొలత మళ్ళీ మొదలైన రోజు, ఊహ మీద నమ్మకం తక్కువ కాబట్టి కొత్త కొలతకి ఎక్కువ విలువ ఇస్తుంది. తర్వాత వెనక్కి నడిచే స్మూదర్ అనే రెండో విడత, ఖాళీకి ఆవలి కొలతల్ని కూడా కలుపుకుని మధ్య రోజుల అంచనాను బిగిస్తుంది. ఇందాక చెప్పిన ఒక్కరోజు సూత్రం ఆ స్మూదర్ జవాబే.

ఇక్కడి నుంచి అంచనా కట్టడానికి ఒక్క అడుగే. గుణకం విలువ ఇంత అనుకుంటే, ఫిల్టర్ ప్రతిరోజూ చేసిన ఊహ కొలతకి ఎంత దూరంలో ఉందో, ఆ దూరం దాని వేరియన్స్‌తో పోలిస్తే పెద్దదో చిన్నదో చూడొచ్చు. కొలతలున్న రోజుల మీద మాత్రమే దీన్ని కూడితే, ఆ గుణకానికి కొలతలు ఎంత బాగా నప్పాయో చెప్పే లైక్లీహుడ్ వస్తుంది. ఖాళీ రోజులు ఆ మొత్తానికి ఏమీ కలపవు, ఏమీ తీసేయవు. గుణకాన్ని మార్చి మార్చి, లైక్లీహుడ్ ఎక్కడ గరిష్ఠమైతే అక్కడ ఆగాలి. రిచర్డ్ జోన్స్ 1980లో, ఏఆర్-1 కూడా ఒక భాగమైన ఏఆర్ఎమ్ఏ నమూనాలన్నిటికీ ఈ దారిని చూపించాడు. ఆర్ అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో ఉన్న అరిమా ఫంక్షన్, పైథాన్‌లో స్టాట్స్‌మోడల్స్ వారి సారిమాక్స్ ఇదే చేస్తాయి. ఖాళీని ఖాళీగా ఇవ్వండి చాలు. పాండాస్‌లో ముందే ఫిల్‌ఎన్ఏ (ఖాళీలు నింపే ఆదేశం) కొట్టి ఆ తర్వాత సారిమాక్స్‌కి ఇచ్చేవాళ్ళని చూస్తే మనసు చివుక్కుమంటుంది. సరైన పని చేయడానికి సిద్ధంగా ఉన్న యంత్రానికి ఏం పోయిందో తెలియకుండా దాచేస్తున్నారు.

రెండు రోజుల వాన ఒకేసారి కొలిచిన సందర్భం కూడా ఇందులో ఇమిడిపోతుంది. మన దేశంలో వాన లెక్క ఉదయం ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఉదయం ఎనిమిదిన్నర దాకా. ఒక ఉదయం కొలవకపోతే గేజిలో నీళ్ళు అలాగే ఉండి, మర్నాటి అంకెలో రెండు రోజుల వానా కలిసిపోతుంది. అప్పుడు మొదటి రోజు ఖాళీ కాదు, రెండో రోజు అంకె ఒక్కరోజుదీ కాదు. మన దగ్గరున్నది ‘రెండింటి మొత్తం ఇంత’ అన్న సమాచారం. లైక్లీహుడ్ కట్టేటప్పుడు నమూనాకి సరిగ్గా ఆ మాటే చెప్పొచ్చు.

ఇంకో దారి ఈఎమ్ అనే పద్ధతి. డెంప్‌స్టర్, లెయర్డ్, రూబిన్ 1977లో దానికి ఆ పేరూ పూర్తి రూపమూ ఇచ్చారు. షుమ్వే, స్టాఫర్ 1982లో దాన్ని కాల్మన్ స్మూదర్‌తో కలిపారు. ఖాళీలకు అంచనా కట్టు, ఆ అంచనాలతో గుణకం కట్టు, మళ్ళీ ఖాళీలకు అంచనా కట్టు, కుదురుకునేదాకా తిప్పు. వినడానికి నింపడంలాగే ఉంది కదా? తేడా ఒక్కచోట ఉంది, ప్రాణం అక్కడే ఉంది. పోయిన విలువ వర్గం కావలసినప్పుడు అంచనా వర్గాన్ని వాడితే సరిపోదు. దానికి ఆ అంచనా వేరియన్స్‌ని కలపాలి. స్మూదర్ ఇచ్చే విలువ ఎప్పుడూ నిజమైన విలువకన్నా నునుపుగా ఉంటుంది, కుదుపులు ఉండవు. ఆ నునుపునే నిజమనుకుని లెక్కిస్తే శ్రేణి అసలు కన్నా నెమ్మదైనదిగా కనబడుతుంది. గుణకం 0.5 ఉన్నప్పుడు ఒక్కరోజు ఖాళీ అంచనాలో మిగిలే వేరియన్స్, రోజువారీ కుదుపు వేరియన్స్‌లో 0.8 వంతు. దాన్ని మరిచిపోతే మరిచింది కొంచెం కాదు. నిండిన ఫైలే కావాలని పైవాళ్ళు పట్టుబడితే, ఒక్కసారి నింపకండి. నమూనా నుంచి కుదుపులతో సహా పలుమార్లు నింపి, ఒక్కో ఫైలుతో లెక్క కట్టి, జవాబుల మధ్య తేడాని కూడా పొరపాటులో కలపండి.

సరే, ఖాళీల వల్ల ఎంత నష్టం? ఇక్కడ తలచుకోవాల్సిన తెలుగువాడు సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్ళిన ఆయన 1945లో చూపించినదాని ప్రకారం, డేటాలో ఒక గుణకం గురించి ఉన్న సమాచారం ఎంతో తెలిస్తే, పక్షపాతం లేని ఏ అంచనా వేరియన్సైనా దాని విలోమానికన్నా తక్కువ కాలేదు. ఖాళీ అంటే ఆ సమాచారంలో కోత. కానీ ఆ కోత పోయిన రోజుల సంఖ్యకి అనుపాతంలో ఉండదు. వెయ్యి రోజుల్లో నాలుగు వందలు చెల్లాచెదురుగా పోతే, పక్కపక్క రోజుల జంటలు దాదాపు 360 మిగులుతాయి. అదే నాలుగు వందలూ నడుమ ఒకే ముద్దగా పోతే 598 మిగులుతాయి. సహసంబంధం తెలుసుకోవాలంటే ముద్దగా పోవడమే మేలు. ఆ రోజుల్లో ఏం జరిగిందో తెలుసుకోవాలంటే మాత్రం ముద్దగా పోవడం అన్యాయం, మధ్యలో సగటు తప్ప ఏమీ చెప్పలేం. చెల్లాచెదురుగా పోతే ప్రతి ఖాళీకీ ఇరుగుపొరుగు సాక్ష్యం ఉంటుంది. అందుకే డేటా నుంచి ఏం కావాలో ముందు తేల్చుకోమనేది.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక ఊహ మీద నిలబడింది, ఖాళీ రావడానికీ ఆ రోజు విలువకీ సంబంధం లేదని. 1976లో డొనాల్డ్ రూబిన్ ఈ ఊహని విడదీసి చూపాడు. మా అపార్ట్‌మెంట్‌లో నెల్లూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దాయన ఒకరున్నారు. తాడుకి బరువు కట్టి, బావి గట్టు నుంచి నీళ్ళ దాకా లోతు కొలిచి పుస్తకంలో రాస్తారు. ఆయన పుస్తకంలో ఖాళీలు మూడు రకాలు. మనవరాలి పుట్టినరోజుకి నెల్లూరు వెళ్ళినప్పటివి కొన్ని. వాటికీ బావికీ సంబంధం లేదు. కుండపోత వానలో బయటికి రాలేక మానేసినవి కొన్ని. ఆ రోజుల్లో బావి మట్టం మామూలు రోజుల్లా ఉండదు నిజమే, కానీ వాన అంకె మనకు నుంగంబాక్కం వాతావరణ కేంద్రం నుంచి తెలుస్తుంది. నమూనాలో వానని చేరిస్తే ఈ ఖాళీలూ హాని చెయ్యవు. మూడో రకం వేసవిలో బావి ఎండినప్పటివి. కొలవడానికి నీళ్ళే లేవు కాబట్టి గడి ఖాళీ. ఇక్కడ ఖాళీకి కారణం కొలవాల్సిన విలువే. ఈ మూడోదాన్ని కాల్మన్ ఫిల్టర్ కూడా తనంతట తాను సరిదిద్దలేదు, అది మామూలు ఖాళీ అనుకుని సగటు వైపు లాక్కుపోతుంది.

చెన్నైకి నీళ్ళిచ్చే నాలుగు పెద్ద చెరువులూ దాదాపు అడుగంటిన 2019 వేసవి లాంటి సమయంలో ఇదెంత పెద్ద తప్పవుతుందో ఊహించండి. కేంద్ర భూగర్భ జల మండలి బావుల మట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు కొలుస్తుంది. ఏ ఊళ్ళోనైనా ఎండిన బావుల్ని వదిలేసి మిగిలినవాటి సగటు తీస్తే, కరువు ముదిరి లోతు తక్కువున్న బావులు వరసగా ఎండేకొద్దీ ఆ సగటు ఎటు కదులుతుందో కేవలం మిగిలిన బావుల మీద ఆధారపడి ఉంటుంది. ఊరి నీటితో దానికి సంబంధం తెగిపోతుంది. తుపాను గాలికి కరెంటు పోయి ఆగిన గాలి మీటర్లది కూడా ఇదే కథ. 2016 డిసెంబరు 12న వర్దా వచ్చినప్పుడు నగరంలో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. అత్యంత విపరీతమైన గంటలే రికార్డులో లేకుండా పోయే అవకాశం అలాంటప్పుడే ఎక్కువ.

ఎండిన బావి విషయంలో ఒక ఊరట ఉంది. బావి అడుగు తొమ్మిది మీటర్లయితే, ‘లోతు తొమ్మిది మీటర్లకన్నా ఎక్కువ’ అని మనకు తెలుసు. అది ఖాళీ కాదు, సగం కొలత. దీన్ని సెన్సారింగ్ అంటారు. జేమ్స్ టోబిన్ 1958లో ఆర్థికశాస్త్రంలో ఇలాంటి డేటాకి దారి చూపించాడు. లైక్లీహుడ్‌లో ఆ రోజు వాటాగా, నీళ్ళు తొమ్మిది మీటర్ల కింద ఉండే సంభావ్యతని వాడాలి. టైమ్ సిరీస్‌లో ఇలా చేస్తే కాల్మన్ సూత్రాలు నేరుగా పనిచెయ్యవు, సిమ్యులేషన్ చేసుకోవాలి. ఈరోజుల్లో ల్యాప్‌టాప్ మీద అది పెద్ద పని కాదు. అయితే ఇందుకు పెద్దాయన పుస్తకంలో ‘ఎండింది’ అన్న మాట ఉండాలి. ఉత్త ఖాళీ ఉంటే ఊరెళ్ళారో, బావి ఎండిందో అంకెలు చూసి ఎవరూ తేల్చలేరు. నమూనా ఎంత బాగా అతికినా తేల్చలేరు, ఎందుకంటే దాన్ని పరీక్షించడానికి కావలసిన విలువలే లేవు.

కారణం రాసి లేనప్పుడు మిగిలింది ఒక్క దారి. లేని రోజుల్లో నీళ్ళు, నమూనా చెప్పినదానికన్నా అరమీటరు కింద ఉన్నాయనుకుని ఒకసారి, మీటరు కింద ఉన్నాయనుకుని ఇంకోసారి, రెండు మీటర్లనుకుని మరోసారి లెక్క కట్టాలి. ‘ఐదేళ్ళలో మట్టం మెరుగైంది’ అన్నది మన తీర్మానమైతే, ఎంత తేడా అనుకున్నప్పుడు అది తలకిందులవుతుందో కనుక్కుని, ఆ అంకెని తీర్మానం పక్కనే వెయ్యాలి. అరమీటరుకే తలకిందులైతే దాన్ని నమ్మలేం, ఆ బావి ఏ వేసవిలోనైనా అంతమాత్రం దిగుతుందని ఆ వీధిలో బోరు వేయించుకున్న ఎవరైనా చెబుతారు. నాలుగు మీటర్లు అనుకున్నా నిలబడితే, ఖాళీలు ఎందుకొచ్చినా ఆ తీర్మానాన్ని నమ్మి ట్యాంకర్ ఖర్చు లెక్కవేసుకోవచ్చు.